వాన కబురు, డేగ కబురు

అటవీశాఖలో పక్షుల లెక్కకు కొత్తగా చేరిన ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మొన్న మా ఇంటికొచ్చారు. నేను కువైట్‌లో తొమ్మిదేళ్లపాటు డేగల్నీ గద్దల్నీ లెక్కపెట్టానని ఎవరో చెప్పారట. ఏ బైనాక్యులర్ మంచిది, ఎండలో ఎన్ని గంటలు కూర్చోగలం, ఎడారిలో తిండి ఎలా అని అడిగారు. అన్నింటికీ జవాబు చెప్పాను. చెప్పాల్సిన ఒక్కటి మాత్రం గొంతులోనే ఉండిపోయింది. వాళ్లు వెళ్లాక మా ఆవిడ సత్యవతి కాఫీ గ్లాసులు తీస్తూ, "అది చెప్పలేదేంటండీ?" అంది.

అందుకని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించీ కాగితాల గురించీ రాయను. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే. నాకు పని నేర్పిన ఒక ముసలాయన గురించీ, నేను చేసిన తప్పుకి ఆయన ఉద్యోగం పోవడం గురించీ రాస్తాను.

కోళ్లు చూసిన కన్ను

మాది కోనసీమ. మా వైపు డేగ అనగానే ఆకాశం వైపు ఎవరూ చూడరు, కోళ్ల గంప వైపు చూస్తారు. ఎర్ర ఈకల పందెం కోడిని మేం డేగ అంటాం. మా మేనమామకు కోళ్ల పిచ్చి. వంద కోళ్లలో తన కోడిని కాలి పొలుసులు చూసి పట్టేసేవాడు. ఆ పిచ్చి వల్ల ఆయనకు రెండెకరాల కొబ్బరితోట పోయింది, నాకు మాత్రం ఒక కన్ను వచ్చింది. ఈక రంగులో, నడకలో, మెడ తిప్పడంలో ఏ చిన్న తేడా ఉన్నా నాకు తెలిసిపోతుంది.

జంతుశాస్త్రంలో డిగ్రీ, టైపు హయ్యరు చేతిలో పెట్టుకుని డెబ్భై ఎనిమిదిలో కువైట్ వెళ్లాను. డిగ్రీని ఎవరూ అడగలేదు, టైపు అడిగారు. ఒక ప్రభుత్వ పరిశోధనా సంస్థలో టైపిస్టుగా చేరాను. సంస్థే నాకు కఫీల్, అంటే వీసాకు పూచీ పడినవాడు. మా పై అధికారి డాక్టర్ సమీర్ ఈజిప్టు ఆయన. రెండేళ్లు గడిచాక ఒకరోజు ఆయన బల్ల మీద గద్దల ఫొటోలు పరిచి ఉంటే, టీ పెట్టడానికి చోటు చేస్తూ, "ఈ రెండూ ఒకటే పక్షి సర్" అన్నాను. ఆయన లెక్కలో అవి రెండు పక్షులు.

"ఎలా చెప్పగలవు?"

"ఎడం రెక్కలో చివరి నుంచి మూడో ఈక రెండు ఫొటోల్లోనూ ఒకేచోట విరిగింది."

ఆయన భూతద్దం పెట్టి చూశాడు. ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగితే, కోడిపందేల గురించి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక, "మా మావయ్యకు కోళ్లుండేవి సర్" అన్నాను. ఆ మరుసటి వారం నుంచి నా టైపు మిషన్ సగం రోజులు ఖాళీగా ఉండేది, నేను ఫీల్డు జీపులో ఉండేవాణ్ణి.

నా పేరు సూర్యనారాయణ. అక్కడ అంత పేరు ఎవరి నోటా తిరగదు గనక సూరి అయ్యాను. అరబ్బీలో సూరి అంటే సిరియావాడు. ముత్లా దగ్గర చెక్‌పోస్టులో పోలీసు నా నల్లటి మొహం చూసి, "నువ్వు సూరివైతే నేను ఇంగ్లండు రాణిని" అని రోజూ అదే జోకు వేసేవాడు. రోజూ నవ్వేవాణ్ణి. ఇఖామా అనే నివాసపు కార్డు మీద బతికేవాడు పోలీసు జోకుకు నవ్వాలి.

నేల చూడు

జహ్రా దాటి ఉత్తరంగా పోతే ఒక పొడవాటి గుట్ట వస్తుంది. ఒకవైపు ఎడారి, మరోవైపు అంచు తెగ్గొట్టినట్టు కిందికి దిగి ఉప్పు బురద, ఆ బురద దాటితే సముద్రం. అందులో కొంత భూమికి కంచె వేసి గొర్రెల్నీ ఒంటెల్నీ వేటగాళ్లనీ రానివ్వకుండా చేశారు. చలికాలం వస్తే ఎక్కడెక్కడి మంచు దేశాల నుంచో డేగలూ గద్దలూ అక్కడికి దిగేవి. ఏవి వచ్చాయి, ఎన్ని వచ్చాయి, ఎక్కడ వాలాయి, ఎన్నాళ్లున్నాయి అన్నది రాయడం మా పని.

ఆ కంచెకు కావలివాడు అబూ నాసిర్. అరవై దాటిన బదూ, ఎడారి తెగ మనిషి. నన్ను మనిషిని చేసింది ఈయనే. వయసులో ఉండగా డేగల్ని పట్టి, వేటాడే దొరలకు అమ్మేవాడు. ఎప్పుడో మానేశాడు. ఎందుకు మానేశావని అడిగితే, "పట్టినప్పుడల్లా దాని గుండె నా అరచేతిలో కొట్టుకునేది. ఒకరోజు ఇంటికెళ్లాక కూడా చెయ్యి కొట్టుకుంటూనే ఉంది" అన్నాడు. ఆయనకు ఏ దేశపు కాగితాలూ లేవు. ఎడారిలో పుట్టిన అలాంటివాళ్లు చాలామంది ఉండేవాళ్లు. సంస్థ ఇచ్చిన కావలివాడి కార్డు ఒక్కటే ఆయన దగ్గరున్న గుర్తింపు. దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపలి జేబులో పెట్టుకునేవాడు.

మొదటిరోజు నేను బైనాక్యులర్ ఎత్తి ఆకాశం వెతుకుతుంటే ఆయన నా తల పట్టుకుని కిందికి వంచాడు.

"యా సూరి, నేల చూడు."

రాయి మీద సున్నం కారినట్టు తెల్లటి రెట్ట ఉంటే అది రోజూ కూర్చునే చోటు. రాయి కింద బొచ్చూ ఎముకలూ కలిసిన ఉండలు కనిపిస్తే అది రాత్రి తిన్నది అరిగాక ఉదయం కక్కిన చోటు. నేల మీద తిరిగే పిట్టలు ఒక్కసారిగా పొదల కింద నక్కితే అప్పుడు ఆకాశం చూడాలి. నెల తిరిగేసరికి నేను తల వంచుకుని నడిచి, ఆయన కంటే ముందు డేగను పట్టుకున్నాను. ఆయనకు కాస్త కోపం కూడా వచ్చింది.

ఆయన నేర్పిన రెండో పాఠం ఇంకోటి ఉంది. ఎడారిలో ఎవరి గుడారం దగ్గర ఆగినా గహ్వా అనే అరబ్బు కాఫీ పోసి, "అలూమ్?" అని అడుగుతారు. కబుర్లేంటి అని. అది మాట వరసకు అడిగేది కాదు. ఎటు నుంచి వచ్చావో అటు ఏం చూశావో చెప్పాలి. ఎక్కడ వాన పడింది, ఎక్కడ గడ్డి లేచింది, ఎవరి ఒంటె తప్పిపోయింది. గహ్వా తాగి కబురు చెప్పనివాణ్ణి పెట్టింది తిని మూతి తుడుచుకున్నవాడిలా చూస్తారు. ఒకసారి అబూ నాసిర్ అలా ఒక గుడారంలో అరగంట కబుర్లు చెప్పాడు. ఆ పొద్దున్నే మేం చూసిన డేగల ఊసు ఒక్క ముక్క ఎత్తలేదు. బయటికొచ్చాక అడిగాను.

ఆయన వేళ్లు మడిచి చెప్పాడు. "వాన అందరిదీ, చెప్పొచ్చు. ఫగ్గా సంగతి సగం చెప్పాలి." ఫగ్గా అంటే వాన తర్వాత ఇసుక కింద దొరికే పుట్టగొడుగు లాంటి దుంప, దానికోసం జనం ఎగబడతారు. "డేగ సంగతి చెప్పకూడదు. నీ సొంత తమ్ముడికి కూడా."

నేను నవ్వాను. నోరు కట్టుకోవడం మా గోదావరి వాళ్లకు చాతకాని విద్య. అప్పుడు అది నాకు తమాషాగానే అనిపించింది.

చించేసిన పేజీ

డాక్టర్ సమీర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆయన నన్ను నమ్మాడు. కోపిష్టి మనిషి. కోపం పోయాక క్షమాపణ చెప్పడం తెలియదు, దానికి బదులు ఖర్జూరాలు తెచ్చిపెట్టేవాడు.

ఫీల్డు పనిలో రెండో ఏడాది ఒకరోజు దుమ్ముగాలి లేచి చెయ్యి చాపితే వేళ్లు కనిపించలేదు. పుస్తకంలో ఆ రోజు ఖాళీగా వదిలితే పని ఎగ్గొట్టాననుకుంటారని, ముందురోజు లెక్కను కాస్త అటూ ఇటూ మార్చి రాసేశాను. ఆయన పేజీ చూశాడు, కిటికీలోంచి ఇంకా ఎర్రగా ఉన్న ఆకాశం చూశాడు, పేజీ చించి ఉండచుట్టి నా ఒళ్లోకి విసిరాడు.

"కనపడలేదు అని రాయడానికి సిగ్గుపడేవాడు నా దగ్గర వద్దు. ఇంకోసారి అబద్ధం రాస్తే నీ టైపు మిషన్ దగ్గరికి పో."

ఆ సాయంత్రం ఖర్జూరాలు వచ్చాయి. ఆ తర్వాత నేను ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు. రాయలేదని ఆయనకూ తెలుసు. సూరి రాశాడంటే నిజమేనన్న పేరు వచ్చింది. కొత్తగా చేరేవాళ్లకు చెప్తున్నాను, ఈ ఉద్యోగంలో ఆ పేరే మీ ఆస్తి. నాకు వచ్చిన ఆ పేరును తర్వాత నేను దేనికి వాడానో చదవండి.

దొరసాని

అక్కడ డేగల్లో అందరూ కోరుకునేది హుర్ అనే జాతి. అందులోనూ ఆడది పెద్దది, లేత రంగుదైతే వేటగాళ్లకు పిచ్చి. ఎనభై రెండు చలికాలంలో అలాంటిది ఒకటి మా గుట్ట మీద దిగింది. కుడి రెక్కలో ఒకే ఒక్క ఈక పూర్తిగా తెలుపు. గుట్ట అంచున ఎద్దు మూపురం లాంటి రాయి ఉంది. పొద్దున్నే దాని మీద కూర్చుని సముద్రం వైపు చూసేది. ఆ కూర్చునే తీరు చూసి దొరసాని అని పేరు పెట్టాను.

మార్చిలో వెళ్లిపోయింది. మరుసటి ఏడాది నవంబరులో ఒక పొద్దున్న నేనూ అబూ నాసిర్ గుట్ట ఎక్కితే అదే రాయి, అదే తెల్ల ఈక. ముసలాయన నా భుజం పట్టుకుని ఊపేశాడు. ఎన్ని వేల మైళ్లు పోయి వచ్చిందో, ఎన్ని వలలు తప్పించుకుందో, మళ్లీ మా రాయి వెతుక్కుంటూ వచ్చింది. అదేమంత గొప్ప అని ఆఫీసులో కూర్చునేవాళ్లకు అనిపించవచ్చు. మాకు మాత్రం ఇంటి ఆడపడుచు వచ్చినట్టుండేది. మూడో ఏడాదీ వచ్చింది. ఒకే పక్షి మూడు చలికాలాలు ఒకేచోటికి రావడం ఆ భూమికి కంచె ఎందుకో చెప్పడానికి మాకున్న గట్టి సాక్ష్యం. డాక్టర్ గారు ఆ చోటు ఏ నివేదికలోనూ రాయనివ్వలేదు. తెలిసింది ముగ్గురికే. ఆయనకు, అబూ నాసిర్‌కు, నాకు.

నాలుగో ఏడాదీ వచ్చింది.

గుడారంలో

ఆ చలికాలమే సత్యవతి కువైట్ వచ్చింది. ఫ్యామిలీ వీసా కోసం ఎన్ని మెట్లు ఎక్కి దిగానో చెప్పలేను. రిగ్గైలో ఒక గదీ వంటిల్లూ తీసుకున్నాం. ఆవిడకు అయిదో నెల. నేను ఒళ్లు తెలియని సంతోషంలో ఉన్నాను.

జనవరిలో ఒక మధ్యాహ్నం గుట్ట కింద మా జీపు ఉప్పు బురదలో దిగబడింది. డ్రైవర్ రాజయ్యది జగిత్యాల. చక్రాల కింద గోనెసంచులు పరిచాడు, రాళ్లు పెట్టాడు, చివరికి బురదలో కూలబడ్డాడు.

"సారూ, ఇది ఇగ మనతోని కాదు. గా దిక్కు గుడారాలు కనవడుతున్నయ్, వోయి అడుగుదాం పాండ్రి."

పట్నం నుంచి చలికాలం విడిదికి వచ్చిన ఒక పెద్ద మనిషి గుడారాలవి. ఆయన మనుషులు పెద్ద బండి తెచ్చి మా జీపు లాగారు. లాగాక గహ్వా తాగకుండా వెళ్తే మర్యాద కాదు. లోపల తివాచీలు, నిప్పుల కుంపటి, ఒక వరసలో దిమ్మెల మీద కళ్లకు తోలు టోపీలు తొడిగిన డేగలు. పెద్దాయన కుర్రతనంలో బొంబాయిలో వ్యాపారం చేశాడట, హిందీ బాగా మాట్లాడాడు. ఇన్నేళ్లలో ఒక దొర నాతో నాకొచ్చిన భాషలో పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడటం అదే మొదలు. గహ్వా పోసి, "అలూమ్?" అన్నాడు.

వాన చెప్పాను. గడ్డి చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

ఆయన ఒక డేగను చేతి మీదికి తీసుకుని టోపీ విప్పాడు. "ఇలాంటిది నీ జన్మలో చూశావా?"

అది మా మేనమామ అడిగే ప్రశ్న. పక్క ఊరివాడు కోడిని చంకలోంచి తీసి చూపిస్తే, ఊరుకునే కోనసీమ వాడు ఇంకా పుట్టలేదు. నా నోరు నా మాట వినలేదు.

"బాగుంది సాబ్. కానీ మా గుట్ట మీద ఒకటుంది, దాని ముందు ఇది పిల్ల. రెక్కలో ఒక తెల్ల ఈక. నాలుగేళ్లుగా వస్తోంది."

పెద్దాయన ఎక్కడా అని అడగలేదు. అడిగి ఉంటే జాగ్రత్తపడేవాణ్ణేమో. అంత పెద్దది ఉండదులే అన్నట్టు నవ్వి ఇంకో కప్పు పోశాడు. ఆ నవ్వు నాకు తగిలింది. ఎద్దు మూపురం రాయి చెప్పాను, పొద్దున్న సముద్రం వైపు తిరిగి కూర్చుంటుందని చెప్పాను, నెమ్మదిగా నడిస్తే యాభై గజాల దాకా రానిస్తుందని కూడా చెప్పాను. మేం నాలుగేళ్లు దాన్ని బెదరగొట్టకుండా నడిచి, మనిషంటే భయం తగ్గించాం కదా, ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను.

వచ్చేటప్పుడు జీపులో రాజయ్య గుడారాలు కనుమరుగయ్యేదాకా బండి నడిపాడు. తర్వాత అన్నాడు.

"సారూ, నాకు ఉర్దూ సమజైతది. గా పిట్ట ముచ్చట ఎందుకు చెప్పిన్రు?"

"ఊరికే మాట వరసకి అన్నానండీ. ఆయనకి అంత కంటే మంచివి పది ఉన్నాయి కదా."

"పది ఉన్నోనికే పదకొండోది గావాలె సారూ."

నేను టైపు చేసిన వాక్యం

నాలుగో రోజు గుట్ట ఎక్కాం. రాయి ఖాళీ. అబూ నాసిర్ నేల చూశాడు. నేనూ చూశాను, చూడటం నేర్పాడు కదా. పావురం ఈకలు, నైలాన్ దారం ఉచ్చుల తెగిన ముక్కలు, రెండు జతల చెప్పుల గుర్తులు, కొంచెం దూరంలో బండి టైర్లు. పావురం ఒంటికి ఉచ్చులు కట్టి ఎగరేస్తారు. డేగ వచ్చి దాన్ని పట్టుకుంటే గోళ్లు ఉచ్చుల్లో చిక్కుకుంటాయి. ముసలాయన గుర్తుల వెంట అటూ ఇటూ నడిచి, వంగి ఒక తెల్ల ఈక తీశాడు. విరిగింది. పెనుగులాటలో ఊడినట్టుంది. దాన్ని కార్డు ఉన్న సంచిలో పెట్టుకున్నాడు. నా మొహం వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

విచారణ అయింది. పై ఆఫీసు నుంచి మనుషులొచ్చారు. చోటు తెలిసింది ముగ్గురికి. అందులో ఒకడు పూర్వం డేగలు పట్టి అమ్మినవాడు. ఇంకేం విచారించాలి?

డాక్టర్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"సూరి, నువ్వెవరికైనా చెప్పావా?"

"లేదు సర్."

ఆయన రెండోసారి అడగలేదు. పేజీ చించినప్పటి నుంచి నేను అబద్ధం రాయనివాణ్ణి కదా. నివేదిక చెప్తుంటే నేనే టైపు చేశాను. ఆ చోటు తెలిసినవారిలో డేగలు పట్టే వృత్తి ఎరిగినవాడు కావలివాడు ఒక్కడే అని ఒక వాక్యం. అందులో ఒక అక్షరం తప్పు పడింది. తెల్ల రంగు పూసి, ఊది ఆరబెట్టి, సరైన అక్షరం కొట్టాను. అక్షరం తప్పుంటే ఒప్పుకోని మనిషిని నేను.

మెట్ల దగ్గర రాజయ్య కాచుకుని ఉన్నాడు. "అసలు ముచ్చట చెప్పిన్రా సారూ?"

"మీకు దణ్ణం పెడతానండీ, ఈ మాట ఎక్కడా అనకండి. ఇఖామా పోద్ది. ఆవిడకి అయిదో నెల. ఇప్పుడు ఇండియా పంపించేస్తే ఏం చెయ్యమంటారు?"

"మీకు నౌకరి పోతే ఊరున్నది, ఇల్లున్నది. గా ముసలాయినకు ఏమున్నది సారూ?"

నేను మెట్లు దిగిపోయాను. రాజయ్య కూడా పైకి వెళ్లి చెప్పలేదు. ఆయన ఇఖామా ఆయనకూ ఉంది. కానీ ఆ రోజు నుంచి నన్ను సారూ అనడం మానేశాడు. ఏ పేరూ పెట్టి పిలవలేదు. మూడు నెలల్లో వేరే డిపార్టుమెంటుకు బండి మార్పించుకుని వెళ్లిపోయాడు.

అబూ నాసిర్‌ను అందరి ముందూ నిలబెట్టి అడిగారు. నేను అక్కడే నోట్సు రాస్తూ కూర్చున్నాను.

"నేను చెప్పలేదు" అన్నాడు.

"మరి ఎవరు చెప్పారు?"

ఆయన కాసేపు ఆగాడు. "అల్లాకు తెలుసు."

కార్డు ఇచ్చెయ్యమన్నారు. లోపలి జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీసి, కార్డు బల్ల మీద పెట్టి, ఈకను మళ్లీ సంచిలో చుట్టుకున్నాడు. ఖలాస్ అన్నారు. వెళ్లేటప్పుడు అలవాటు ప్రకారం నాకు సలాం చెప్పాడు. నేనూ చెప్పాను. ఇప్పటికీ ఆ సలాం గుర్తొస్తే నాకు అన్నం సయించదు.

భయపడ్డాను, అదొక్కటే కారణం. భార్య గర్భవతి అన్నది నిజమే, కానీ డాక్టర్ గారు నన్ను దేశం పంపేసేవాడని నాకు ఖాయంగా తెలియదు. బహుశా పేజీ చించినట్టు తిట్టి, ఖర్జూరాలు తెచ్చేవాడేమో. అడిగి చూడలేదు. నా పేరు పోతుందన్న భయం ఇఖామా భయం కంటే ఎక్కువగా ఉందని ఒప్పుకోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

జహ్రా సంతలో

ఆ తర్వాత కూడా మూడు చలికాలాలు లెక్కలు రాశాను. ఎద్దు మూపురం రాయి ఎదురుగా "కనపడలేదు" అని రాసేవాణ్ణి. కొత్త కావలివాడు మంచివాడే గానీ, జీపు దిగి నడిచేవాడు కాదు. నేల చదివేవాళ్లు ఎవరూ లేరు. కంచెలో కంతలు పడ్డాయి. ఒక పక్షి పోయిందనుకున్నాం గానీ, ఆ మనిషి పోయాక ఆ భూమికి కాపలాయే పోయింది.

ఎనభై తొమ్మిదిలో ఉద్యోగం వదిలి వచ్చేయాలని నిర్ణయించుకున్నాక, ఒక శుక్రవారం మూడేళ్ల మా పాపను తీసుకుని జహ్రా పక్షుల సంతకు వెళ్లాను. అక్కడ ఒక మూల తడికల బోను ముందు అబూ నాసిర్ కూర్చుని ఉన్నాడు. పావురాలు అమ్ముతున్నాడు. ఆ పావురాల్ని ఎవరు కొంటారో, ఒంటికి ఏం కట్టి ఎగరేస్తారో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. గడ్డం పూర్తిగా తెల్లబడింది.

నన్ను గుర్తుపట్టి లేచి కావలించుకున్నాడు. పాప తల నిమిరాడు. పక్క కొట్టు నుంచి టీ తెప్పించాడు. నేను వద్దన్నా వినలేదు. తన గోనె మీద నన్ను కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చున్నాడు.

"అలూమ్, యా సూరి?"

"ఖైర్" అన్నాను. అంతా క్షేమం అని.

ఆయన తల ఊపాడు. గ్లాసులో ఇంకాస్త టీ పోశాడు. మళ్లీ అడిగాడు, "అలూమ్?"

"ఊరికి వెళ్లిపోతున్నాను. ఇంక రాను."

"ఖైర్ ఇన్షాల్లా." టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. మూడోసారి, చాలా నెమ్మదిగా అడిగాడు. "ఇంకేం అలూమ్ లేవా, సూరి?"

చెప్పాలని నోరు తెరిచాను. గుడారంలో ఎవరూ అడగని కబురు ఎగబడి చెప్పిన నోరే ఇది.

"ముత్లా అవతల వాన పడింది. గడ్డి బాగా లేచింది" అన్నాను.

అబూ నాసిర్ నా కళ్లలోకి చూశాడు. కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"అవును. వాన సంగతి చెప్పొచ్చు" అన్నాడు.

ఆయనకు తెలుసు. ఆ గుడారంలో అన్న మాట ఇంకో గుడారానికి చేరకుండా ఉంటుందా? ఎడారిలో కబురు ఎలా నడుస్తుందో నాకు నేర్పిందే ఆయన. విచారణ రోజునా తెలిసే ఉంటుంది. అల్లాకు తెలుసు అన్నప్పుడు నా కోసం ఆగాడు. సంతలో మూడుసార్లు ఆగాడు. టీ గ్లాసులు తీసుకుని పక్క కొట్టులో ఇవ్వడానికి వెళ్లాడు. నేను పాపను ఎత్తుకుని వచ్చేశాను.

ఆ మరుసటి ఏడాది అక్కడ యుద్ధం వచ్చింది. కాగితాలు లేనివాళ్లు ఎటు పోయారో ఎవరూ లెక్క రాయలేదు. వచ్చినవాళ్లనల్లా అడిగాను, ఒక్కరికీ ఆయన సంగతి తెలియదు.

చాలా ఏళ్ల తర్వాత ఒకరోజు సత్యవతికి ఇదంతా చెప్పాను. ఆవిడ మొత్తం విని, "ఆయనకి చెప్పారా?" అంది.

"లేదు."

"మరి నాకెందుకు చెప్పారండీ?" అని లేచి వెళ్లిపోయింది.

నా దగ్గరికొచ్చిన పిల్లలకు బైనాక్యులర్ల సంగతులు చెప్పి పంపేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. చూసిన చోటు ఎవరికీ చెప్పకండి. చెప్పేస్తే, అడిగినప్పుడు ఒప్పుకోండి. మూడోసారి అడిగేదాకా ఆగకండి, నాలుగోసారి ఎవరూ అడగరు.

అబూ నాసిర్, ఇదీ నా అలూమ్. ఎద్దు మూపురం రాయి మీద డేగ ఉందని చెప్పింది నేను. నువ్వు కాదు.